పాత డెస్క్‌టాప్‌కు కొత్త పని: ఏ యంత్రం దేనికి పనికొస్తుంది, ఎప్పుడు వదులుకోవాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందిస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు మారాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 భద్రతా వ్యవస్థ, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం ఉండాలి. ఎనిమిదో తరం ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంతకుముందు కొన్న డెస్క్‌టాప్‌లలో అత్యధిక భాగం ఈ అర్హతకు దూరంగా ఉండిపోయాయి.

అయితే మద్దతు ముగియడం వేరు, యంత్రం చెడిపోవడం వేరు. ప్రాసెసర్ నిన్న చేసిన పని ఈరోజూ చేస్తుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలను పూడ్చే బాధ్యతను మాత్రం తయారీ సంస్థ ఇక తీసుకోదు. కనుక పాత డెస్క్‌టాప్ విషయంలో తేల్చుకోవాల్సినవి మూడు: దానికి ఇంకా ఎంత శక్తి ఉంది, దాన్ని ఇంటర్నెట్‌కు కలపవచ్చా, దాని సేవకు తగినంత విద్యుత్తునే అది వాడుతోందా. వీటికి సమాధానం దొరికితే యంత్రాన్ని చదువుకు, గ్రంథాలయానికి, దుకాణానికి, పాత పత్రాల రక్షణకు ఎలా వినియోగించవచ్చో స్పష్టమవుతుంది.

ముఖ్యాంశాలు

• 2011 తర్వాతి ఇంటెల్ కోర్ ఐ3, ఐ5 యంత్రాలు ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ జోడిస్తే నిత్యావసర పనులకు బాగా సరిపోతాయి.
• విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న యంత్రాలతో బ్యాంకు లావాదేవీలు చేయడం ప్రమాదకరం. ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకోవచ్చు.
• పాత తెలుగు డీటీపీ ఫైళ్లున్న కంప్యూటర్‌ను, వాటిని బయటకు తీయకుండా అమ్మకూడదు.
• ఎవరికిచ్చినా, ఎక్కడ పారేసినా ముందుగా హార్డ్‌డిస్క్‌లోని సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయాలి.

‘పాతది’ అంటే ఎంత పాతది?

డెస్క్‌టాప్‌లను వయసును బట్టి స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది 2006కు ముందరి పెంటియమ్ 4 తరం. వీటిలో చాలావరకు 32-బిట్ ప్రాసెసర్లు, 512 ఎంబీ నుంచి 1 జీబీ వరకు ర్యామ్ ఉంటాయి. నేటి వెబ్‌సైట్లు వీటిపై దాదాపు తెరుచుకోవు. 32-బిట్ యంత్రాలకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లు కూడా ఒక్కొక్కటిగా దూరమవుతున్నాయి. లినక్స్ మింట్ ప్రధాన వెర్షన్ 2020లోనే వీటిని వదిలేసింది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13కు 32-బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలర్ లేదు. ఈ తరం యంత్రాలు ఇంటర్నెట్ అవసరం లేని ప్రత్యేక పనులకే తగినవి.

రెండోది 2006 జులైలో రంగప్రవేశం చేసిన కోర్ 2 డ్యుయో తరం. ఇవి 64-బిట్ ప్రాసెసర్లు. 4 జీబీ ర్యామ్ ఉంటే తేలికపాటి లినక్స్‌తో టైపింగ్, లెక్కల పట్టికలు, ఈమెయిల్ వంటి పనులు సాగుతాయి. ఆన్‌లైన్ వీడియోలు అధిక స్పష్టతతో చూడాలంటే మాత్రం తడబడతాయి. ఇప్పటి వీడియో కుదింపు పద్ధతులను విప్పే ప్రత్యేక సర్క్యూట్లు వీటిలో లేవు. ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

మూడోది 2011 నుంచి 2017 మధ్య వచ్చిన రెండో తరం మొదలుకొని ఏడో తరం వరకు ఉన్న కోర్ ఐ3, ఐ5, ఐ7 యంత్రాలు. విండోస్ 10 మద్దతు ముగింపుతో ఇబ్బందిలో పడినవి ప్రధానంగా ఇవే. నిజానికి వీటిలో ఎంతో శక్తి మిగిలి ఉంది. కార్యాలయాలు వదిలించుకుంటున్న యంత్రాల్లో అధిక భాగం ఈ తరగతివే కావడం వల్ల పునర్వినియోగానికి ఇవే ఉత్తమం.

పని అప్పగించే ముందు పరీక్ష

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న సీపీయూను నేరుగా ప్లగ్గులో పెట్టడం మంచిది కాదు. తొలుత మూత తీసి దుమ్ము దులపాలి. మదర్‌బోర్డుపై స్తూపాకారంలో ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో చూడాలి. ఉబ్బినవి ఉంటే ఆ బోర్డును నమ్మకూడదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో గమనించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను తుడిచి కొత్తది రాయాలి. కంప్యూటర్ ఆన్ కాకుండా బీప్ శబ్దాలు వస్తుంటే ర్యామ్‌ను తీసి, దాని అంచులను పెన్సిల్ రబ్బరుతో మృదువుగా రుద్ది తిరిగి అమర్చడం మెకానిక్కులు అనుసరించే తొలి చిట్కా. అనేక సందర్భాల్లో అంతటితో సమస్య తీరుతుంది.

మదర్‌బోర్డుపై నాణెం ఆకారంలో ఉండే సీఆర్ 2032 బ్యాటరీ చాలా పాత యంత్రాల్లో అయిపోయి ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలను బ్రౌజర్ చెల్లనివిగా భావించి పేజీలను తెరవదు. ఇంటర్నెట్ పాడైందని చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చాలు.

తరువాతి పరీక్ష హార్డ్‌డిస్క్‌కు. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ వ్యవస్థ దాదాపు అన్నింటిలో ఉంటుంది. ఆ నివేదికను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవవచ్చు. చెడిపోయిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే, లోపలి నుంచి టిక్‌టిక్ మనే చప్పుడు వస్తుంటే ఆ డిస్క్‌లో కొత్తగా ఏదీ దాచకూడదు.

ఖర్చు పెట్టదలిస్తే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకే పెట్టాలి. పాత డెస్క్‌టాప్ నెమ్మదిగా ఉండటానికి ఎక్కువసార్లు కారణం ప్రాసెసర్ కాదు, తిరిగే పళ్లేలున్న హార్డ్‌డిస్క్. సాటా కేబుల్ ఉన్న ఏ యంత్రానికైనా 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీని అమర్చవచ్చు. రెండో ఖర్చు ర్యామ్‌కు. కొనే ముందు మదర్‌బోర్డు డీడీఆర్2 రకమా, డీడీఆర్3 రకమా అన్నది చూసుకోవాలి. ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. మదర్‌బోర్డు లేదా విద్యుత్ సరఫరా పెట్టె రెండూ మార్చాల్సిన పరిస్థితి వస్తే ఆ యంత్రంపై ఇక ఖర్చు చేయకపోవడమే లాభం.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న మద్దతు ముగిసింది. క్రోమ్ బ్రౌజర్ కూడా 2023 ఆరంభం నుంచి విండోస్ 7కు కొత్త వెర్షన్లు ఇవ్వడం లేదు. విండోస్ 10 విషయంలో గృహ వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన పొడిగింపు భద్రతా నవీకరణల పథకం 2026 అక్టోబరు 13 వరకు వర్తిస్తుంది. అందులో విడిగా నమోదు చేసుకోవాలి. అర్హత లేని యంత్రంలో విండోస్ 11ను దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నా, అలాంటి యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది.

అందుకే ఎక్కువమంది నిపుణులు సూచించే మార్గం లినక్స్. ఇది ఉచితం. మూడో తరగతి యంత్రాలకు లినక్స్ మింట్ వంటివి, రెండో తరగతి వాటికి లుబుంటు, మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం, యాంటిఎక్స్ వంటి తేలికపాటివి నప్పుతాయి. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, అంటే బాస్ లినక్స్, భారతీయ భాషలకు మద్దతుతో వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్‌ను రూపొందించింది. కేవలం బ్రౌజర్‌తో పని ఉన్నవారికి గూగుల్ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ మరో మార్గం. దీనికి 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ అవసరం.

లినక్స్‌ను ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. హార్డ్‌డిస్క్‌లోని ఏదీ మారదు. వైఫై, శబ్దం, ప్రింటర్ సరిగా పనిచేస్తున్నాయని తేలాక, కావాల్సిన ఫైళ్లను వేరే చోట భద్రపరచుకొని, అప్పుడు ఇన్‌స్టాల్ చేయాలి.

తెలుగు విషయంలో సంకోచం అక్కర్లేదు. ఐబస్ అనే టైపింగ్ వ్యవస్థలో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ కీబోర్డు అమరికలు లభిస్తాయి. డీటీపీ కేంద్రాల్లో ఆపిల్ అమరికకు చేతులు అలవాటు పడినవారు తిరిగి నేర్చుకోవాల్సిన పని లేదు. లిబ్రేఆఫీస్‌లో తెలుగు పత్రాలు తయారు చేసుకోవచ్చు. చూపు లేనివారికి తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఓర్కా కార్యక్రమం, ఈస్పీక్ ఎన్‌జీ అనే స్వర వ్యవస్థతో కలిసి తెలుగును కూడా పలుకుతుంది.

చదువుకు, గ్రంథాలయానికి

పాత డెస్క్‌టాప్‌కు అన్నింటికన్నా సహజమైన రెండో జీవితం విద్యార్థి బల్ల మీద. ఫోన్ తెరపై పాఠం వినవచ్చు కానీ, పది పేజీల ప్రాజెక్టు నివేదిక రాయడం, లెక్కల పట్టిక తయారు చేయడం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం కష్టం. పైథాన్ వంటి భాషను నేర్చుకోవడానికి పదేళ్ల నాటి యంత్రం సునాయాసంగా సరిపోతుంది. పాఠశాలల స్థాయిలో ఇందుకు కేరళ ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ సంస్థ ‘కైట్’ పాఠశాలల కంప్యూటర్లకు ఉబుంటు ఆధారంగా సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను సిద్ధం చేసి ఇస్తోంది. లైసెన్సు రుసుముల బాధ లేకపోవడంతో పాటు అన్ని బడుల్లోనూ ఒకే రకమైన సాఫ్ట్‌వేర్ ఉండటం ఉపాధ్యాయులకు సౌకర్యంగా ఉంటుంది.

ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లలో మరో ఉపయోగం ఉంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వికీపీడియాను మొత్తంగా ఒకే ఫైలుగా కంప్యూటర్‌లో నిల్వ చేస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను కూడా ఇలా దింపుకోవచ్చు. ఆ డెస్క్‌టాప్‌ను ఒక వైఫై రౌటర్‌కు కలిపితే, ఇంటర్నెట్ లేకపోయినా ఆ గదిలోని ఫోన్లన్నీ దాన్ని చదవగలుగుతాయి. పాఠాలు, అభ్యాసాల కోసం కోలిబ్రి అనే వేదిక ఇదే రీతిలో పనిచేస్తుంది. ఒక్కసారి పట్టణంలో సమాచారాన్ని దింపుకొని తీసుకెళ్తే సరిపోతుంది. శాఖా గ్రంథాలయానికో, వసతి గృహానికో ఇటువంటి ఒక్క యంత్రం ఒక అలమార పుస్తకాల పెట్టు.

దుకాణంలో, కార్యాలయంలో

కొత్త కంప్యూటర్లలో మాయమైన కొన్ని సౌకర్యాలు పాతవాటిలో ఉండటం ఒక్కోసారి వాటికి విలువ తెస్తుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను కలిపే ప్యారలల్ పోర్టు, కొన్ని రకాల తూకపు యంత్రాలను, ప్రయోగశాల పరికరాలను కలిపే సీరియల్ పోర్టు అలాంటివి. ఇంకా చక్కగా పనిచేస్తున్న ప్రింటర్‌కు కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరక్కపోతే, పాత డెస్క్‌టాప్‌కు దాన్ని కలిపి, నెట్‌వర్క్ ద్వారా మిగతా కంప్యూటర్లకు పంచవచ్చు. లినక్స్‌లోని కప్స్ వ్యవస్థ ఇందుకు ఉపయోగపడుతుంది.

ఇంటి, కార్యాలయ ఫైళ్లకు ఉమ్మడి నిల్వ కేంద్రంగా కూడా దీన్ని మార్చవచ్చు. ఓపెన్‌మీడియావాల్ట్ వంటి ఉచిత వ్యవస్థలు ఈ పని చేస్తాయి. ఫోన్లలోని ఫొటోలు, బిల్లులు, పత్రాల నకళ్లు ఒకచోట చేరతాయి. అయితే ఒక హెచ్చరిక అవసరం. పాత డిస్క్‌లో ఉన్న ప్రతి ఒక్కటే ప్రతి కాకూడదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి వెలుపల అన్నది సమాచార రక్షణలో స్థిరపడిన సూత్రం. పాత డెస్క్‌టాప్ ఆ మూడింటిలో ఒకటి మాత్రమే.

పాత తెలుగు ఫైళ్లకు అదే తాళంచెవి

తెలుగు ప్రాంతాల్లోని ముద్రణాలయాలు, పత్రికా కార్యాలయాలు, ప్రచురణ సంస్థలు, డీటీపీ కేంద్రాలు పాత కంప్యూటర్‌ను తీసేసే ముందు ఆగి ఆలోచించాల్సిన కారణం మరొకటి ఉంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, ముద్రణ రంగం చాలాకాలం దాన్ని అందుకోలేదు. అను, శ్రీలిపి వంటి ప్యాకేజీల ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, సంచికలు, శుభలేఖలు, సంస్మరణ సంచికలు లెక్కకు మిక్కిలి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వెలువడింది 2001లో. ఇప్పటి ఇన్‌డిజైన్ వెర్షన్లు ఆ ఫైళ్లను నేరుగా తెరవవు.

సమస్య ప్రోగ్రామ్‌తోనే ముగియదు. ఆ కాలపు ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు వంటి ముక్కలను కూర్చారు. ఫాంట్ ఉన్నంతసేపు తెరపై చక్కని తెలుగు కనిపిస్తుంది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థంలేని రోమన్ అక్షరాల కుప్పగా మారుతుంది. పైగా యూనికోడ్‌లో అక్షరాలు పలికే క్రమంలో నిల్వ ఉంటాయి. ‘స్త్రీ’ అన్న మాట స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం అనే ఆరు సంకేతాల వరుస. పాత ఫాంట్లలో అక్షరాలు ముక్కల ఆకారాలను పేర్చిన క్రమంలో ఉంటాయి. ఒక్కో ప్యాకేజీది ఒక్కో పట్టిక, ఒక్కోసారి అదే ప్యాకేజీలో వెర్షన్‌కో పట్టిక. కాబట్టి మార్పిడి అంటే ఒక గుర్తుకు బదులు మరో గుర్తు పెట్టడం కాదు. ముక్కలను గుర్తించి, క్రమాన్ని సరిచేసి, అక్షరాన్ని తిరిగి నిర్మించడం.

ఈ ఫైళ్లను సరిగా తెరవగల పరికరం చాలా చోట్ల ఆ పాత డెస్క్‌టాప్ ఒక్కటే. కొన్ని ప్యాకేజీలకు ప్యారలల్ పోర్టులోనో, యూఎస్‌బీలోనో అమర్చే హార్డ్‌వేర్ లాక్ కూడా ఉంటుంది. అది పోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. సీపీయూను తుక్కు కింద అమ్మేసినప్పుడు దాని వెనుక గుచ్చి ఉన్న ఆ చిన్న ముక్క కూడా వెళ్లిపోతే, ఇరవై ఏళ్ల కూర్పు పని చేజారినట్టే.

అటువంటి యంత్రాన్ని కాపాడుకునే క్రమం ఇది:

1. ముందుగా ఇంటర్నెట్ కేబుల్ తీసేయాలి. ఎక్స్‌పీ లేదా విండోస్ 7తో నడుస్తున్నా అప్పుడు పెద్ద ప్రమాదం ఉండదు. తెలియని పెన్‌డ్రైవ్‌లు పెట్టకూడదు.

2. హార్డ్‌డిస్క్ మొత్తానికి ప్రతిబింబం తీయాలి. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనం డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా భద్రపరుస్తుంది. ఆ కాలపు 40 లేదా 80 జీబీ డిస్క్ నేటి బయటి డ్రైవ్‌లో ఓ మూలకు సరిపోతుంది. సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారు ఆ ప్రతిబింబాన్ని వర్చువల్‌బాక్స్ వంటి వ్యవస్థలో నడిపి, కొత్త కంప్యూటర్‌లోనే పాతదాన్ని బతికించుకోవచ్చు.

3. ముఖ్యమైన ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా మార్చాలి. పీడీఎఫ్‌లో ఫాంట్ ఇమిడిపోతుంది కాబట్టి పేజీ ఎక్కడైనా సరిగా కనిపిస్తుంది. అయితే కనిపించేది తెలుగే అయినా లోపల ఉండేది పాత సంకేతాలే. అందులో ఒక మాట కోసం వెతికితే దొరకదు, నకలు తీసి అతికిస్తే తెలుగు రాదు.

4. అందువల్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. ఆయా ఫాంట్లకు మార్పిడి సాధనాలు ఉన్నాయి. అవి విఫలమైన చోట పేజీలను స్పష్టమైన చిత్రాలుగా మార్చి, తెలుగును గుర్తించగల టెసరాక్ట్ వంటి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చు. ముద్రణ నాణ్యత ఉన్న చిత్రాలు కావడంతో స్కాన్ చేసిన పాత పుస్తకాల కంటే ఇక్కడ ఫలితం మెరుగ్గా ఉంటుంది.

5. చివరిది ప్రూఫ్ చూడటం. ఒత్తులు, సున్నాలు, అంకెల దగ్గర దోషాలు ఎక్కువగా దొర్లుతాయి. మనిషి కన్ను తప్పనిసరి.

ఈ పని పూర్తయ్యేదాకా యంత్రానికి విశ్రాంతి ఇవ్వకూడదు. ఎస్‌ఎంపీఎస్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియని వయసు దానిది.

కరెంటు లెక్క

పాత డెస్క్‌టాప్ ఉచితంగా దొరికినా దాన్ని నడపడం ఉచితం కాదు. ఒక పాత సీపీయూ పెద్దగా పని లేకుండా ఉన్నప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఫైళ్ల నిల్వ కేంద్రంగా రోజంతా నడిపితే నెలకు 36 యూనిట్లు ఖర్చవుతాయి. యూనిట్‌కు 7 రూపాయల చొప్పున నెలకు 252, ఏడాదికి 3,024 రూపాయలు. అదే పనిని 5 వాట్లు తీసుకునే చిన్న బోర్డు కంప్యూటర్ నెలకు 3.6 యూనిట్లతో, అంటే సుమారు 25 రూపాయలతో చేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గృహ విద్యుత్ ఛార్జీలు శ్లాబుల పద్ధతిలో ఉన్నందున, అదనంగా చేరే 36 యూనిట్లు బిల్లును పై శ్లాబులోకి నెట్టే అవకాశం కూడా ఉంది.

విద్యార్థి విషయంలో లెక్క వేరు. మానిటర్‌తో కలిపి 80 వాట్ల యంత్రాన్ని రోజుకు 4 గంటలు వాడితే నెలకు 9.6 యూనిట్లే. కనుక రోజులో కొన్ని గంటలే వాడే పనులకు పాత డెస్క్‌టాప్ లాభదాయకం. 24 గంటలూ వెలిగి ఉండాల్సిన పనులకు అంతగా కాదు. వారానికి ఒకసారి ఆన్ చేసి బ్యాకప్ తీసుకొని ఆపేయడం మధ్యేమార్గం. సీఆర్‌టీ మానిటర్‌ను మాత్రం పక్కన పెట్టడమే మంచిది. అది ఎల్‌ఈడీ తెర కంటే ఎన్నో రెట్లు విద్యుత్తు లాగుతుంది.

ఇచ్చేముందు తుడవాలి

ఫైలును డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన సమాచారం పోదు. ఆ స్థలం ఖాళీగా ఉందన్న గుర్తు మాత్రమే పడుతుంది. త్వరిత ఫార్మాట్ చేసినా అంతే. ఉచితంగా దొరికే సాధనాలతో వాటిని తిరిగి వెలికితీయవచ్చు. ఇంటి కంప్యూటర్‌లో ఆధార్, పాన్ నకళ్లు, బ్యాంకు పత్రాలు, బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఉంటాయి. జిరాక్స్, ఇంటర్నెట్ కేంద్రాల యంత్రాల్లో అయితే ఏళ్లుగా వచ్చిపోయిన వినియోగదారుల గుర్తింపు కార్డులు, దరఖాస్తులు, సంతకాలు, ఫొటోలు పేరుకొని ఉంటాయి. వాటిలో యజమానివి కొన్ని, పరాయివారివి ఎన్నో. తుడవకుండా అమ్మిన ఒక్క డిస్క్ వల్ల నష్టపోయేది ఆ డిస్క్‌ను ఎన్నడూ చూడనివారు.

తిరిగే పళ్లేల హార్డ్‌డిస్క్‌కు దాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగరాసే ఎన్‌వైప్ వంటి సాధనం వాడాలి. సాధారణ అవసరాలకు ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే సరిపోతుంది. పెద్ద డిస్క్‌కు కొన్ని గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలకు ఈ పద్ధతి నమ్మదగింది కాదు. వాటికి తయారీదారు అందించే ‘సెక్యూర్ ఎరేజ్’ ఆదేశం వాడాలి. అసలు పనిచేయని డిస్క్‌ను బయటకు తీసి, లోపలి పళ్లేలకు డ్రిల్లుతో రంధ్రాలు పెట్టించాలి. కాల్చకూడదు.

దానం, భారం కాకూడదు

బడికో, అనాథాశ్రమానికో కంప్యూటర్ ఇవ్వాలనుకునేవారు దాన్ని తీసుకునేవారి వైపు నుంచి ఆలోచించాలి. ఆన్ కాని సీపీయూ, తీగ తెగిన మౌస్, పాస్‌వర్డ్ తెలియని విండోస్ అందుకున్న సంస్థకు అది దానం కాదు, తుక్కు మోసే పని. ఇచ్చే యంత్రం కనీసం ఈ షరతులు తీర్చాలి: 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీకి తగ్గని ర్యామ్, వీలైతే ఎస్‌ఎస్‌డీ, భద్రతా నవీకరణలు అందే ఆపరేటింగ్ సిస్టమ్, పనిచేసే కీబోర్డు, మౌస్, తెర. తెలుగు టైపింగ్ అమర్చి, ఎలా వాడాలో ఒక గంట నేర్పి, చెడిపోతే ఎవరిని పిలవాలో చెప్పి ఇస్తే అది నిజంగా ఉపయోగపడుతుంది.

మరీ పాత యంత్రాలకు కూడా విద్యలో చోటు ఉంది. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు విప్పి, అమర్చి నేర్చుకోవడానికి పాడైనా భయం లేని పెంటియమ్ 4 యంత్రం కంటే మంచి పాఠ్యపుస్తకం లేదు. అయితే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను, సీఆర్‌టీ మానిటర్‌ను మాత్రం విప్పనివ్వకూడదు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా వాటి లోపల ప్రమాదకర స్థాయిలో విద్యుత్ నిలిచి ఉండవచ్చు.

పారేయక తప్పనప్పుడు

ఐక్యరాజ్య సమితి సంస్థల భాగస్వామ్యంతో వెలువడిన అంతర్జాతీయ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగిలిన దానిలో ఎంతో భాగం చేతులకు తొడుగులు కూడా లేని కార్మికుల దగ్గరికి చేరుతుంది. ఢిల్లీలోని సీలంపూర్ ఇందుకు పేరుపడిన ప్రాంతం. రాగి కోసం తీగలను కాల్చినప్పుడు డయాక్సిన్ల వంటి విషవాయువులు వెలువడతాయి. పాత సర్క్యూట్ బోర్డుల సోల్డర్‌లోనూ, సీఆర్‌టీ గాజులోనూ సీసం ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహం అది.

మన దేశంలో ఈ-వ్యర్థాల (నిర్వహణ) నిబంధనలు, 2022 అన్నవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వీటి కింద ఉత్పత్తిదారులు, రీసైక్లింగ్ సంస్థలు, పునరుద్ధరణ సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. భారీ సంఖ్యలో పరికరాలు వాడే కార్యాలయాలు, సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన వారికే అప్పగించాలి. ఇంటి వినియోగదారులు కూడా తయారీ సంస్థల సేకరణ కేంద్రాలకో, నమోదైన రీసైక్లింగ్ సంస్థలకో ఇవ్వడం మేలు. మొత్తం సీపీయూను అప్పగించే ముందు పనికొచ్చే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ ఫ్యాన్, కేబుళ్లను తీసి పెట్టుకోవచ్చు. పాత హార్డ్‌డిస్క్ బాగుంటే యూఎస్‌బీ పెట్టెలో అమర్చి బయటి డ్రైవ్‌గా వాడుకోవచ్చు.

తరచూ వచ్చే ప్రశ్నలు

విండోస్ 7 యంత్రంలో యాంటీవైరస్ ఉంటే బ్యాంకు పనులు చేయవచ్చా?
వద్దు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాలను యాంటీవైరస్ పూడ్చలేదు. అదే యంత్రంలో లినక్స్ ఎక్కించి, తాజా బ్రౌజర్‌తో చేయవచ్చు.

విండోస్, లినక్స్ రెండూ ఒకే యంత్రంలో ఉంచవచ్చా?
ఉంచవచ్చు. అయితే పాత విండోస్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, వెబ్ పనులన్నీ లినక్స్‌లో చేసుకోవాలి. వేర్వేరు డిస్క్‌లలో ఉంచితే నిర్వహణ సులభం.

టాలీ వంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రభుత్వ పోర్టళ్ల డిజిటల్ సంతకాలు లినక్స్‌లో పనిచేస్తాయా?
విండోస్ కోసమే రూపొందించిన ప్రోగ్రాములకు, కొన్ని డిజిటల్ సంతకాల టోకెన్లకు ఇబ్బందులు ఎదురవుతాయి. వ్యాపార లెక్కలకు ఆధారమైన యంత్రాన్ని మార్చే ముందు పెన్‌డ్రైవ్ ద్వారా పరీక్షించడం, లేదా ఆ ఒక్క పనికి మద్దతు ఉన్న విండోస్ యంత్రాన్ని అట్టేపెట్టుకోవడం ఉత్తమం.

ఏ పనీ తోచకపోతే?
మూలన దాచి ఉంచడం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి ఏడాదీ దాని విలువ తగ్గుతుంది, భాగాలు తుప్పు పడతాయి, డిస్క్‌లోని సమాచారం చదవలేని స్థితికి చేరవచ్చు. ఫైళ్లు తీసుకొని, డిస్క్ తుడిచి, వాడుకోగలిగేవారికి ఈ ఏడాదే ఇవ్వడం మంచిది.